బాడుగ ముందే ఇచ్చిన పెద్దమనిషి

హత్య జరిగింది, హంతకుడు దొరకలేదు అంటే చాలు, మనకు ఎక్కడలేని ఆసక్తీ పుట్టుకొస్తుంది. దొరికిపోయిన హంతకుణ్ణి నాలుగు రోజుల్లో మరచిపోతాం. దొరకనివాడు మాత్రం నూరేళ్ళు దాటినా బతికే వుంటాడు. 1888లో లండన్ నగరంలో వైట్‌చాపెల్ అనే పేదల పేటలో ఆడవాళ్ళను చంపి మాయమైపోయిన 'జాక్ ది రిప్పర్' సంగతే చూడండి. వాడి అసలు పేరు యీనాటికీ తెలీదు. ఆ మారుపేరు కూడా ఒక వార్తాసంస్థకు వచ్చిన ఉత్తరం కింద సంతకంగా వున్నదే. ఆ ఉత్తరం హంతకుడే రాశాడో, పత్రిక అమ్మకాల కోసం ఏ విలేఖరి రాశాడో! అయినా వాడి మీద వచ్చినన్ని పుస్తకాలు ఆ కాలపు మహారాణి మీద కూడా వచ్చాయో లేదో నాకు అనుమానమే.

ఆ పుస్తకాల్లో చాలావాటిలో వుండేది ఒకటే ఆట. వాడు డాక్టరా, కసాయివాడా, రాజవంశంవాడా అని వేళ్ళు మడవడం. ఈ ఆటతో నాకు పేచీ వుంది. అదేమిటో చెప్పాలంటే ఒక నవల గురించి చెప్పాలి. రాసింది మేరీ బెలాక్ లోండ్స్ అనే ఆవిడ. నవల పేరు 'ది లాడ్జర్'. 1911లో ఒక అమెరికన్ పత్రికలో చిన్న కథగా వచ్చి, 1913లో నవల అయింది. లాడ్జర్ అంటే మరేం లేదు, మన మిద్దె మీది గదిలో బాడుగకు దిగిన మనిషి.

మా కర్నూలు వాళ్ళకు యీ మనిషి కొత్త కాదు. 1953 నుంచి 56 దాకా యీ వూరు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా వున్న రోజుల్లో ఆఫీసులే గుడారాల్లో నడిచాయి. ఇక గుమాస్తాలకు ఇళ్ళెక్కడివి? వున్న రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేసి బాడుగకిచ్చిన ఇళ్ళు పాతబస్తీలో ఎన్నో. బాడుగకొచ్చిన మనిషి ఎన్నింటికి ఇల్లు చేరతాడు, ఎన్నింటికి దీపం ఆర్పుతాడు, జాబులు ఎక్కడినుంచి వస్తాయి, నెలాఖరుకు ముఖం ఎట్లా పెడతాడు... ఇవన్నీ ఆ ఇంటి ఇల్లాలికి తెలిసినట్టు ఏ రిజిస్టరుకూ తెలియవు. లోండ్స్ తన నవలను నడిపించింది సరిగ్గా యీ తెలివి మీదే.

కథ చెప్తాను. బంటింగ్ దంపతులు లండన్‌లో మేరిల్‌బోన్ రోడ్డు మీద ఒక ఇల్లు తీసుకున్నారు. ఇద్దరూ గొప్పవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసి, మర్యాదలు నేర్చి, నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళే. పైగదులు బాడుగకిచ్చి బతుకుదామనుకున్నారు. బాడుగకొచ్చేవాళ్ళు లేకపోయారు. ఒక్కొక్క సామానూ తాకట్టు కొట్టుకు వెళ్ళింది. ఆయన పొగాకు మానేశాడు. అయినా ముందు గదుల్లో తెరలూ కుర్చీలూ మాత్రం కదపలేదు. అవి పోతే ఇక మర్యాదస్తులు ఎవరూ గడప తొక్కరు కదా! ఈ లెక్క మనకు ఒకరు చెప్పాలా? కరువు సంవత్సరంలో ఇంట్లో సంగటికి లేకపోయినా గడపకు పసుపు మానని ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు?

అట్లాంటి సమయంలో, ఒక పొగమంచు సాయంత్రం, తలుపు చప్పుడైంది. పొడవాటి మనిషి, పాతకాలపు కోటు, చేతిలో ఒకే ఒక్క సంచీ. గదులు కావాలన్నాడు. మాట మెత్తన, తీరు పెద్దమనిషిది. బాడుగ ముందుగానే బంగారు నాణేలు లెక్కపెట్టి చేతిలో పోశాడు. మిసెస్ బంటింగ్ ఆ నాణేలు పట్టుకుని మెట్లు దిగే చోట లోండ్స్ ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు. ఆకలి చూసినవాళ్ళకు ఆ మెట్లు చాలు.

ఇక ఊళ్ళో హత్యలు మొదలవుతాయి, కాదు, అప్పటికే జరుగుతున్నాయి. చనిపోతున్నది తాగుడుకు అలవాటుపడిన పేద ఆడవాళ్ళు. మేడమీది పెద్దమనిషి గోడకున్న ఆడవాళ్ళ పటాలన్నీ వెనక్కి తిప్పి పెడతాడు. పగలంతా బైబిలు చదువుతాడు. అర్ధరాత్రి చప్పుడు రాని బూట్లేసుకుని బయటకు వెళ్తాడు. తెల్లవారేసరికి పత్రికలవాడి కేక. ఇంటావిడకు అనుమానం వస్తుంది. ఒకరోజు బీరువా కొంచెం కదిపితే కింద ఎర్రగా ఏదో కారుతుంది. ఎర్ర సిరా అనుకుంటుంది. అనుకోవాలనుకుంటుంది.

ఇప్పుడు రచయిత్రి చేసిన గడుసు పని చూడండి. ఈ ఇంటికి రోజూ వచ్చిపోయే కుర్రవాడొకడున్నాడు, జో చాండ్లర్. స్కాట్లండ్ యార్డులో డిటెక్టివు. బంటింగ్ మొదటి భార్య కూతురు డైసీ అంటే అతనికి ఇష్టం. వంటింట్లో కూర్చుని టీ తాగుతూ, ఆ హంతకుణ్ణి పట్టడానికి పోలీసులు ఏమేం చేస్తున్నారో వరసగా చెప్తుంటాడు. అతని నెత్తి మీద, ఒక్క అంతస్తు పైన, ఆ మనిషి అటూ ఇటూ నడుస్తుంటాడు. డిటెక్టివుకు కనిపించేది డైసీ ఒక్కతే! మిసెస్ బంటింగ్ టీ పోస్తుంది. చెయ్యి వణక్కుండా పోస్తుంది.

ఆవిడ ఎందుకు చెప్పదు? నవలంతా యీ ప్రశ్నే. దుర్మార్గురాలు కాదు. హంతకుడి మీద మోహం లేదు. పుణ్యం పాపం తెలిసిన మనిషి. కానీ చెప్తే బాడుగ పోతుంది. బాడుగతో పాటు పరువు పోతుంది. 'హంతకుడు వున్న ఇల్లు' అని పేరు పడ్డాక ఆ ముసలి దంపతులకు మళ్ళీ ఎవరు పనిస్తారు? పైగా ఆ మనిషి తనతో ఎన్నడూ ఒక్క మాట పొల్లు మాట్లాడలేదాయె. ఇంతకంటే లోతైన సంగతి, కొన్నాళ్ళకు మొగుడికీ అదే అనుమానం వస్తుంది. ఆయనా పెళ్ళానికి చెప్పడు. ఒకే మంచం మీద ఇద్దరూ కళ్ళు తెరుచుకుని, ఒకరు నిద్రపోతున్నారని ఒకరు అనుకుంటూ, మెట్ల మీద అడుగుల చప్పుడు వింటుంటారు. సంసారం మీద ఇంత నిజమైన పేజీలు నేను ప్రేమ నవలల్లో కూడా ఎక్కువ చదవలేదు.

మన డిటెక్టివ్ నవలలు యీ దారిన పోలేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను నేను తీసిపారేయను. ఒకకాలంలో తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్లలకు చదవడం అలవాటు చేసినవాటిలో ఆ చిన్న పుస్తకాలూ వున్నాయి. కానీ ఆ రకం నవలల్లో రహస్యం హంతకుడి దగ్గర వుంటుంది, దాన్ని విప్పేది డిటెక్టివు బుర్ర. మధ్యలో వున్న జనం ఉత్త గుంపు. ఈ పద్ధతికి మూలపురుషుడు కానన్ డాయిల్ కదా. షెర్లాక్ హోమ్స్ మొదటి నవల అచ్చయింది 1887లో, వైట్‌చాపెల్ హత్యలకు ఒక్క ఏడాది ముందు. నిజంగా హత్యలు జరిగి లండన్ అల్లాడిపోతే డాయిల్ తన హోమ్స్‌ను ఆ పేటకు పంపనే లేదు. మంచి పని చేశాడు. బేకర్ స్ట్రీట్‌లో కుర్చీలో కూర్చుని తేల్చే వ్యవహారం కాదది.

అసలు ఆ పేటలో పోలీసులు ఏం చేశారు? ఏమీ చేయలేదనడం అన్యాయం. కానిస్టేబుళ్ళు రాత్రంతా లెక్క ప్రకారం బీటు తిరిగారు. వేలిముద్రల పద్ధతి అప్పటికి రాలేదు. దానికి ప్రపంచంలో మొట్టమొదటి కార్యాలయం 1897లో మన కలకత్తాలో పెట్టారు, స్కాట్లండ్ యార్డుకు అది 1901లో గానీ చేరలేదు. చేతిలో ఏ ఆధారమూ లేని ఆ పోలీసులు ఇల్లిల్లూ తిరిగారు. ఎనభై వేల కరపత్రాలు పంచారు. మీకు అనుమానమున్న మనిషి ఎవరైనా వుంటే దగ్గరి ఠాణాలో చెప్పండని అందులో వుంది. రాత్రికి ఇంతని మంచం బాడుగకిచ్చే సత్రాల్లో రెండు వేలమందికి పైగా మనుషుల్ని విచారించారు. అంటే స్కాట్లండ్ యార్డు కూడా ఆఖరుకు వెతికింది మిసెస్ బంటింగ్ కోసమే! ఎవరో ఒక ఇంటావిడ వచ్చి, "అయ్యా, మా మేడమీద..." అని నోరు తెరుస్తుందని చూశారు. అయిదో హత్య జరిగిన మర్నాడు ప్రభుత్వం మరో మెట్టు దిగింది. స్వయంగా చంపని సహాయకులెవరైనా వుండి వచ్చి నిజం చెప్తే క్షమిస్తామని ప్రకటించింది. ఎవరూ రాలేదు.

ఎందుకొస్తారు? అంతకు ముందు ఏడే, 1887 నవంబరు 13న, పనిలేనివాళ్ళు ట్రఫాల్గర్ స్క్వేరుకు వస్తే అవే పోలీసులు తలలు పగలగొట్టారు. దాన్ని 'రక్తపు ఆదివారం' అని యీనాటికీ చెప్పుకుంటారు. అప్పటి పోలీసు కమిషనరు చార్లెస్ వారెనే 1888లోనూ కమిషనరు. ఆ పేటలో సగం గదులు తలా ఒక గుట్టు దాచుకున్నవే. ఠాణా మెట్లెక్కితే తమ గుట్టు కూడా అడుగుతారు. మంచం బాడుగకిచ్చేవాడికి లైసెన్సు భయం. రష్యానుంచి పారిపోయి వచ్చిన యూదులకు పోలీసు యూనిఫారమంటేనే భయం. ఆ మురికిసందుల్లో మనుషులు ఇళ్ళు విడిచి ఇళ్ళు మారుతుంటారు. ఇంతమంది నోళ్ళు మూసుకుని వుంటే కరపత్రం ఏం చేస్తుంది?

చనిపోయిన ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. మేరీ ఆన్ నికోల్స్ ఆ రాత్రి వీధిలో ఎందుకుంది? సత్రంలో మంచానికి నాలుగు పెన్నీలు లేక బయటకు పంపేస్తే! కేథరిన్ ఎడ్డోస్‌ను తాగి పడివుందని పోలీసులే ఠాణాలో వుంచారు. రాత్రి ఒంటిగంటకు, ఇక పొమ్మని, వాళ్ళే వదిలేశారు. ముప్పావుగంట తిరక్కముందే ఆమె శవమైంది. ఒంటిగంట రాత్రి ఒక ఆడమనిషిని వీధిలోకి పంపిన ఆ ఠాణాలో ఒక్క ఆడ పోలీసు వుండివుంటే ఏం జరిగేదో అనిపిస్తుంది నాకు. అప్పట్లో లేరు లెండి.

దూరదేశపు కథ యీ ఎండనేల మీద ఎందుకు చెప్తోందీవిడ అని మీరనుకోవచ్చు. మా జిల్లాల పోలీసు పుట్టింది కూడా ఆ మహారాణి కాలంలోనే. కడప 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీ కిందికి పోయింది, కర్నూలును నవాబు చేతినుంచి 1839లో లాక్కున్నారు. అప్పట్లో మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా. శిస్తు కట్టలేని రైతుకూ దొంగతనం అంటగట్టిన పేదవాడికీ ఒకటే మందు. ఫిర్యాదులు మరీ ఎక్కువై, 1854లో మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో ఒక విచారణ సంఘం వేసింది. మరుసటేడు వాళ్ళిచ్చిన నివేదికలో మన తెలుగు మాట ఒకటి వుంది, చిరత. చిడతల భజన అనుకునేరు! రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కే సాధనం. ఎండలో వంచి నిలబెట్టడం వగైరాలన్నీ అందులో వున్నాయి. ఆ నివేదిక తరవాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చి, శిస్తు పనినుంచి పోలీసును వేరు చేశారు.

చట్టం మారింది గానీ చిరత జ్ఞాపకం అంత సులువుగా పోతుందా? చట్టమే పోలీసును నమ్మలేదు. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షను ప్రకారం, ఎవరైనా పోలీసు ముందు "నేనే చంపాను" అని ఒప్పుకున్నా అది నేరానికి రుజువు కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో కూడా ఆ నియమాన్ని అట్లాగే వుంచుకున్నారు. నూటయాభై ఏళ్ళుగా చట్టం చేసినవాళ్ళకే లేని నమ్మకం, మిద్దె మీద సాక్ష్యం చూసిన ఇల్లాలికి ఎక్కడినుంచి రావాలి? పోనీ ఆడవాళ్ళను సాక్షులుగా ఠాణాకు పిలవకూడదు, ఇంటి దగ్గరే విచారించాలి అనే నియమం మన చట్టంలో వుంది, మంచిదే. కానీ పల్లెలో జీపు వచ్చి ఒక ఇంటి ముందు ఆగితే, లోపల ఏం మాట్లాడారో తరవాత సంగతి, ఎవరింటి ముందు ఆగిందో ఊరంతటికీ తెలుస్తుంది.

చెప్తే మాత్రం ఏమైంది అనే ప్రశ్న కూడా వుంది. 1893 అక్టోబరు 4న మాకు పొరుగునే గుంతకల్లులో జరిగిన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకర్థం కాదు. ఇద్దరు ఆడవాళ్ళు తెల్ల సైనికుల బారినుంచి తప్పించుకుని పరుగెత్తి రైల్వే గేటుకీపరు గదిలో తలదాచుకున్నారు. ఆ గేటుకీపరు పేరు హంపన్న. వాళ్ళను బయటకు పంపమంటే పంపలేదు. సైనికుడి తుపాకీ గుండు తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇది దొరకని హంతకుడి కథ కాదు. మనిషిని మద్రాసు హైకోర్టులో నిలబెట్టారు. నిర్దోషి అని వదిలేశారు. గుత్తి వకీలు కేశవపిళ్ళెగారు పట్టుబట్టి పత్రికలకెక్కించబట్టి ఆ మాత్రమైనా లోకానికి తెలిసింది. తరవాత చందాలు పోగుచేసి హంపన్నకు స్మారకశిల నిలిపారు. శిల మీద హంపన్న పేరుంది. ఆ ఆడవాళ్ళు మాత్రం 'ఇద్దరు స్త్రీలు'గానే వుండిపోయారు. వైట్‌చాపెల్ హత్యలకు అయిదేళ్ళ తరవాతి మాట ఇది. అక్కడ హంతకుడెవరో తెలీక శిక్ష లేదు, ఇక్కడ తెలిసీ లేదు. ఇట్లాంటివి రెండు మూడు చూసిన తరానికి "మనకెందుకొచ్చిన గొడవమ్మా" అనే మాట నోట రావడం వింతేమీ కాదు.

నాకు అసలు కోపం మన సినిమాల మీద. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది మొదలు 'నరసింహనాయుడు', 'ఇంద్ర', ఇట్లా ఏళ్ళ తరబడి సీమంటే కొడవళ్ళు, సుమోలు, తొడగొట్టడాలు. 'ఒక్కడు'లో మా కొండారెడ్డి బురుజును చూసి మేమూ ఈలలేశాం, కాదనను. ఈ సినిమాల్లో ఎంతమంది చస్తారో లెక్క లేదు. ఒక్క శవానికి కూడా పంచనామా జరగదు! ఎవరు ఫిర్యాది, ఎవరు సాక్షి, కేసు ఏమైంది... ఆ ప్రసక్తే వుండదు. నిజమైన పల్లెలో కక్షహత్య జరిగితే మొదటి గంటలోనే ఊరికంతా తెలుసు ఎవరు చంపారో. రహస్యం ఏమీ వుండదు. కోర్టుకొచ్చేసరికి మాత్రం ఎవరూ చూడలేదు. సాక్షి ఎదురు తిరిగాడు అంటారు వకీళ్ళు. ఆ మాటలో ఎంత అన్యాయముందో చూడండి. ఎదురు తిరిగింది సాక్షా? ఆ ఊళ్ళో మళ్ళీ నీళ్ళు తోడుకోవాల్సిన బావి, పొలానికి పోవాల్సిన దారి, బడికి పోవాల్సిన పిల్లలు, ఇవన్నీ కలిసి అతన్ని తిప్పేశాయి. సాక్షుల రక్షణ కోసం ఒక పథకాన్ని సుప్రీంకోర్టు 2018లో ఆమోదించి దేశమంతా అమలు చెయ్యమంది. ఏ పథకమైనా బావి దాకా కాపలా వస్తుందా?

ఇక ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు. అర్ధరాత్రి వచ్చిన మనిషి చొక్కా ఎవరు ఉతికారు? కొడవలి వామిలో ఎవరు దాచారు? పొద్దున జీపు వస్తే "రాత్రంతా ఇంట్లోనే వుండె సామీ" అని గొంతు తడబడకుండా ఎవరు చెప్పారు? ఆ మనిషికి ఆ చొక్కా ఎవరి రక్తమో తెలుసు. ఆ రక్తం మనిషి పెళ్ళాంతో మొన్న పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని తాంబూలం తీసుకుని వుంటుంది కూడా. నేను వెతుకుతున్న మనిషి యీవిడే. మన మిసెస్ బంటింగ్. కేతు విశ్వనాథరెడ్డిగారి వంటి పెద్దలు సీమ కరువునూ కక్షల్నీ గొప్ప కథలుగా రాశారు. ఆ కథలు లేకపోతే సీమ అంటే సినిమాయే అనుకునేవాళ్ళు జనం. అయినా యీ ఆడమనిషిని కేంద్రంగా పెట్టుకుని, ఆవిడ చెప్పని మాట చుట్టూ మూడువందల పేజీలు తిరిగే నవల మనకు ఇంకా బాకీ వుందనే నా అభిప్రాయం. 2018లో వచ్చిన 'అరవింద సమేత' కొంత దూరం పోయింది. చివర్లో విధవరాలైన రెడ్డమ్మను ముందుకు తెచ్చి, ఎన్నికల్లో నిలబెట్టింది. మంచి ఆలోచనే. కానీ అప్పటిదాకా ఆమె ఏం చూసింది, ఏం దాచింది అన్నది అడగలేదు. ఎన్నిక ఒక పూట పని. దాచడం ముప్ఫయ్యేళ్ళ పని.

లోండ్స్ నవలను ఆకాశానికెత్తుతున్నానని అనుకోకండి, దాన్లోనూ లోపాలున్నాయి. పెద్ద లోపం, చనిపోయిన ఆడవాళ్ళు. వాళ్ళు నవలలో మనుషులుగా లేరు. తాగుబోతు ఆడవాళ్ళంటే మిసెస్ బంటింగ్‌కు చీదర, అది ఆ పాత్ర స్వభావమనుకుందాం. కానీ రచయిత్రి కూడా ఆ చీదరకు అవతల నిలబడి చూడలేదు. "ఎట్లాంటివాళ్ళు చచ్చారో" అన్న ఒక్క ఆలోచన ఇంటావిడకు నిద్ర పట్టించే మాత్రగా పనిచేస్తుంది. రచయిత్రి ఆ మాత్రను ఆమె చేతిలోంచి లాక్కోలేదు. ఈ లోటు తీరడానికి నూటఆరేళ్ళు పట్టింది. 2019లో హేలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి 'ది ఫైవ్' అని పుస్తకం రాసింది. హంతకుణ్ణి పూర్తిగా పక్కన పెట్టి, ఆ అయిదుగురు ఆడవాళ్ళు పుట్టినప్పటినుంచీ ఎట్లా బతికారో చెప్పింది. ఒకామె అచ్చుపనివాడి భార్య, ఒకామె బండితోలేవాడి భార్య, ఒకామె స్వీడన్‌నుంచి వచ్చిన రైతుబిడ్డ. అందర్నీ కలిపి 'వేశ్యలు' అని ఒక్క మాటతో కొట్టిపారేసింది ఆనాటి పోలీసులూ పత్రికలూ గానీ, కనీసం ముగ్గురి విషయంలో దానికి ఆధారమే లేదని ఆమె వాదన. హత్య ఎట్లా జరిగిందన్న వర్ణన ఆ పుస్తకంలో వెతికినా దొరకదు. 'ది లాడ్జర్' చదివినవాళ్ళు తరవాత దీన్ని చదివితే బాగుంటుంది. రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి.

సినిమావాళ్ళు లోండ్స్‌నూ వదిలిపెట్టలేదు. 1927లో హిచ్‌కాక్ దీన్ని మూకీ సినిమాగా తీశాడు. మేడమీది మనిషి వేషం వేసింది ఆనాటి అందాల హీరో ఐవర్ నొవెల్లో. హీరో హంతకుడైతే అభిమానులు ఒప్పుకుంటారా? కాబట్టి సినిమాలో ఆ మనిషి నిర్దోషి, పైగా చివరికి ఆ ఇంటి పిల్లనే చేసుకుంటాడు! మన దగ్గరే అనుకున్నాను, హీరో కోసం కథ మార్చేది. ఫొటోగ్రఫీ అద్భుతమే. కింద గదివాళ్ళు పైకి చూస్తుంటే కప్పులోంచి అతని అడుగులు కనిపించేట్టు గాజు నేల వేసి తీశాడట. అంత తెలివి ఖర్చుపెట్టి అసలు ప్రశ్ననే పారేశాడు. అతను నిర్దోషి అయ్యాక ఇంటావిడ మౌనానికి బరువేముంది?

నవల ముగింపు నాకు సగమే నచ్చింది. మేడమ్ టుస్సాడ్ మైనపుబొమ్మల ప్రదర్శనలో పోలీసు పెద్ద కనిపించగానే, ఇంటావిడ తనను పట్టించిందని అనుకుని ఆ మనిషి పారిపోతాడు. మళ్ళీ రాడు. ఆవిడ చెప్పనూ లేదు, చెప్పకుండానే పీడ విరగడైంది. అతని డబ్బు మిగిలిపోతే తల్లిదండ్రులు లేని పిల్లల ఆశ్రమానికి పేరు లేకుండా పంపేస్తుంది. దానంతో కడిగేసుకుంది అని కొందరు విమర్శకులు ఎత్తిపొడుస్తారు. రచయిత్రి తన పాత్రను కోర్టు బోను దాకా తీసుకుపోయే ధైర్యం చెయ్యలేదన్నది నా ఫిర్యాదు కూడా. కానీ చివర్లో ఒక సంగతి వుంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. డైసీకీ డిటెక్టివు కుర్రవాడికీ పెళ్ళి కుదురుతుంది. అంటే పోలీసు అల్లుడు. ఇక పండక్కీ పబ్బానికీ వస్తాడు. భోజనాల దగ్గర తప్పకుండా ఆ పాత కేసు ఎత్తుతాడు, "ఎంత వెతికామత్తమ్మా, చేతికి చిక్కినట్టే చిక్కి పోయాడు" అంటాడు. బంటింగ్ పళ్ళెంలోకి చూస్తాడు. ఆవిడ లేచి అల్లుడికి ఇంకొంచెం వడ్డిస్తుంది.